పైకి పోయే అల – కిందికి దిగే లోహం



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంపాదకవర్గం అడిగినప్పుడు అందరిలాగే మేమూ 'విద్యార్థి – క్రమశిక్షణ', 'నేటి యువత – రేపటి భవిత' లాంటి శీర్షికలే ఆలోచించాం. కానీ సంక్రాంతి సెలవుల్లో ఇంటి దగ్గర ఎదురైన ఒక ప్రశ్న మమ్మల్ని వదలలేదు. ఆ రోజు జవాబు చెప్పలేకపోయాం. ఈ నాలుగు పేజీల్లో చెప్పడానికి ప్రయత్నిస్తున్నాం.

మేము అంటే ఈ హాస్టల్లో ఒకే గదిలో ఉండి ఎం.ఎస్సీ. భౌతికశాస్త్రం చివరి సంవత్సరం చదువుతున్న నలుగురం. మా నలుగురి ఇళ్ళలోనూ డిగ్రీ పట్టా మొదట తెచ్చింది మేమే. సెలవుల్లో నలుగురం కలిసి మాలో ఒకరి ఊరికి వెళ్ళాం. అమ్మ విత్తనానికని శెనక్కాయలు వలుస్తూ అడిగింది.

“ఏం అబ్బోడా, ఇన్నేండ్లు సదివితిరి గదా, ఇప్పుడు ఏం సదవతా ఉండారు?”

“పైన తొంభై కిలోమీటర్ల ఎత్తులో, ఉప్పులో ఉండే సోడియం ఉంటాది మా. గాలిలో లేచే అలలు దాన్ని కిందికి ఎట్లా తెస్తాయో, అది చదవతా ఉండాం.”

అమ్మ చేతులు ఆపింది. “అంత పైన ఉండే ఉప్పుతో మనకేం పని నాయనా? అది సదివితే ఎవురు ఉద్యోగం ఇస్తారు?”

మేము నవ్వి ఊరుకున్నాం. నవ్వడం తప్ప జవాబు లేదు. అమ్మ అడిగింది వెటకారంగా కాదు. కూలి డబ్బులతో మమ్మల్ని ఇంతవరకు తెచ్చిన మనిషి అడిగిన న్యాయమైన ప్రశ్న అది. అదే ప్రశ్నను డిగ్రీలో చేరేటప్పుడు ఒక పెద్దమనిషి ఇంకో రకంగా అన్నారు: “మీలాంటి వాళ్ళకు ఫిజిక్సు ఎందుకయ్యా? త్వరగా ఉద్యోగం వచ్చేదేదో చూసుకోండి.” రెండు ప్రశ్నలూ ఒకేలా కనిపిస్తాయి గానీ ఒకటి కావు. అమ్మ అడిగింది మా భవిష్యత్తు గురించి. ఆయన అడిగింది మా అర్హత గురించి.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. ఉపాధి చదువులు కావాలి, కాదనము. కానీ హాస్టల్లో చదివే పిల్లలకు ఉపాధి చదువులే చాలు, ప్రకృతి రహస్యాలు వెతికే చదువు వేరేవాళ్ళ సొత్తు అనే మాటను మనం ఒప్పుకోకూడదు. దీనికి ఉదాహరణగా మేము చదువుతున్న విషయాన్నే మీ ముందు పెడుతున్నాం. ఇది చదివాక ఇందులో మనకు పని ఉందో లేదో మీరే తేల్చండి.

ఆకాశంలో లోహం ఎక్కడిది?

రాత్రి మిద్దెపైన పడుకుని చూస్తే అప్పుడప్పుడు చుక్క రాలినట్టు కనిపిస్తుంది. అది చుక్క కాదు, ఉల్క అని ఏడో తరగతి పిల్లవాడు కూడా చెబుతాడు. కానీ మన కంటికి కనిపించే ఉల్కలు చాలా తక్కువ. కంటికి కనిపించనంత సన్నని ధూళి అంతరిక్షం నుంచి రాత్రీ పగలూ భూమి మీదికి వస్తూనే ఉంటుంది. సెకనుకు 11 నుంచి 72 కిలోమీటర్ల వేగంతో వచ్చి గాలిని రాసుకుంటుంది. ఆ వేడికి చాలావరకు 80 నుంచి 110 కిలోమీటర్ల ఎత్తులోనే ఆవిరైపోతుంది. అందులోని ఇనుము, మెగ్నీషియం, సోడియం, పొటాషియం, కాల్షియం పరమాణువులుగా విడిపోయి అక్కడే పొరలు పొరలుగా నిలుస్తాయి. మన పాఠ్యపుస్తకంలో మీసో ఆవరణం పైఅంచు అని చదువుకున్నామే, ఇంచుమించు అదే ఆ చోటు. అక్కడ చలి మైనస్ 80 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది.

వీటిలో ఇనుము ఎక్కువే గానీ మొదట మనిషి కంట పడింది సోడియం. ఉప్పు వేసిన అన్నం పొంగి గ్యాస్ పొయ్యి మీద పడితే నీలం మంట పసుపు రంగుకు మారడం అందరం చూసిందే. ఎల్.ఇ.డి. దీపాలు రాకముందు మన వీధుల్లో వెలిగిన పసుపుపచ్చ సోడియం దీపాల రంగు కూడా అదే. అమెరికాలో స్లైఫర్ అనే ఖగోళ శాస్త్రవేత్త 1929లో రాత్రి ఆకాశపు మసక వెలుగులో ఒక పసుపు గీతను గుర్తించాడు. అది సోడియందేనని తరువాత తేలింది. చీకటి రాత్రిలో కూడా అది ఎలా వెలుగుతుందో 1939లో చాప్‌మన్ వివరించాడు. సోడియం ఓజోన్‌తోనూ, ఆక్సిజన్ పరమాణువుతోనూ ఒకదాని తరువాత ఒకటిగా చర్య జరిపి, ఆ క్రమంలో కాంతిని వదులుతుంది.

ఎంత సోడియం ఉంటుంది? పొర మధ్యలో ఒక ఘన సెంటీమీటరుకు కొన్ని వేల పరమాణువులు. అక్కడి గాలితో పోలిస్తే వెయ్యి, రెండు వేల కోట్ల అణువులకు ఒక్క సోడియం పరమాణువన్నమాట. మేము ఒక రాత్రి కాగితం మీద లెక్క వేశాం. ఒక చదరపు సెంటీమీటరు నేల మీద, పైనున్న పొర మందమంతా కలిపి, సుమారు 400 కోట్ల పరమాణువులుంటాయి. భూగోళం చుట్టూ ఉన్నదంతా పోగేస్తే ఒక టన్ను కూడా కాలేదు! మూడుసార్లు లెక్క సరిచూసుకున్నాం. ప్రపంచం చుట్టూ ఉన్న సోడియం పొర మొత్తం మన ఊరి ఎడ్లబండి ఒక్కటి మోయగలిగినంత. అంత కొంచెం సోడియం రాత్రి ఆకాశానికంతా ఒక రంగును కలుపుతోంది.

గాలిలో అలలు

ఇప్పుడు రెండో సంగతి. ఇక్కడ ఒక పొరపాటు తొలగించాలి. నల్లబిలాలు ఢీకొంటే పుట్టిన గురుత్వాకర్షణ తరంగాలను కనిపెట్టినట్టు 2016లో పత్రికలన్నీ రాశాయి. మేము చెప్పేవి అవి కావు. ఇవి మన గాలిలో లేచే అలలు. ఇంగ్లీషులో వీటిని గ్రావిటీ వేవ్స్ అంటారు కాబట్టి పేరులో పోలిక తప్ప వేరే సంబంధం లేదు.

ఎండిన సొరకాయ బుర్రను బావి నీళ్ళలోకి నొక్కి వదిలితే ఏమవుతుంది? పైకి తన్నుకొస్తుంది, ఉండాల్సిన మట్టం దాటి లేస్తుంది, మళ్ళీ కిందికి పడుతుంది. గాలి కూడా అంతే. ఒక చోటి గాలిని పైకి తోస్తే అది చుట్టూ ఉన్న గాలికన్నా బరువై కిందికి దిగుతుంది, దిగాల్సిన చోటు దాటి పోతుంది, మళ్ళీ లేస్తుంది. ఈ ఊపు పక్కలకూ పైకీ పాకుతుంది. కొండల వరుసకు గాలి అడ్డంగా తగిలినా, వేసవిలో సాయంత్రంపూట ఉరుముల మబ్బు కుండపోతగా లేచినా ఈ అలలు పుడతాయి. ఒక్కొక్క ఊపుకు ఐదారు నిమిషాల నుంచి కొన్ని గంటల వరకు పట్టవచ్చు. ఈ అలలు అంత ఎత్తుకు పోతాయని 1960లో కెనడాలో కోలిన్ హైన్స్ ఒక వ్యాసంలో వివరించాడు. ఈ శాఖకు ఈనాటికీ పునాది ఆ వ్యాసమే.

పైకి పోయేకొద్దీ గాలి పలచబడుతుంది. తొంభై కిలోమీటర్ల ఎత్తున గాలి నేల దగ్గరికన్నా సుమారు మూడున్నర లక్షల రెట్లు పలచన. చెర్నాకోల ఝళిపించేటప్పుడు మొదట చెయ్యి కొంచెమే కదులుతుంది. ఆ కదలిక సన్నని కొసకు చేరేసరికి 'ఛెళ్' మంటుంది. అల కూడా పలచని గాలిలోకి పోయేకొద్దీ పెద్దదవుతుంది. లెక్క ప్రకారం నేల దగ్గర సెకనుకు ఒక సెంటీమీటరు వేగంతో ఊగే అల, దారిలో ఏమీ కోల్పోకుండా పోతే, అక్కడ సెకనుకు ఆరు మీటర్ల వేగంతో ఊగాలి. అంత పెద్ద అల నిలబడలేదు. మైపాడు ఒడ్డున సముద్రపు అల లేచి లేచి విరిగిపోయినట్టు, ఈ గాలి అల కూడా ఎక్కువగా 80 – 100 కిలోమీటర్ల ఎత్తులో విరుగుతుంది. సోడియం, ఇనుము పొరలు ఉన్నది కూడా సరిగ్గా అక్కడే!

మోసే అల, మోయని అల

ఈ చదువులో మమ్మల్ని అన్నిటికన్నా కట్టిపడేసిన సంగతి ఇదే. చెరువులో తేలే ఆకును చూడండి. అల వస్తే లేస్తుంది, పోతే దిగుతుంది, ఇంచుమించు ఉన్నచోటే ఉంటుంది. అల మాత్రం ఒడ్డుకు పోతుంది. ఆకాశంలో కూడా ఏమీ కోల్పోకుండా దాటిపోయే అల సోడియాన్ని పైకి లేపుతుంది, మళ్ళీ అంతే కిందికి దింపుతుంది. లెక్క సున్నా. మరి లోహం కదిలేది ఎలా? మూడు దారులున్నాయి.

ఒకటి, అల విరిగినప్పుడు గాలి సుడులు తిరిగి కలగాపులగమవుతుంది. చిక్కగా ఉన్నచోటి నుంచి పలచగా ఉన్నచోటికి లోహం కలుస్తుంది. లోహం వచ్చేది పైనుంచి, ఖర్చయ్యేది కింద. కాబట్టి మొత్తం మీద కదలిక కిందికే.

రెండు, అల పూర్తిగా విరగకముందే కొంచెం కొంచెంగా తన శక్తిని చుట్టూ ఉన్న గాలికి ఇచ్చేస్తూ పోతుంది. అప్పుడు లేపడం, దింపడం సరిసమానంగా ఉండవు. దింపేదే కొంచెం ఎక్కువవుతుంది. ఒక్కొక్క ఊపులో ఆ తేడా చాలా చిన్నది. కానీ ఊపులు ఆగవు కదా.

మూడోది మన ఇళ్ళలో రోజూ చూసేదే. అమ్మ చేటతో చెరుగుతుంటే చేట పైకి లేస్తుంది, కిందికి దిగుతుంది, ఉన్నచోటే ఉంటుంది. అయినా పొట్టు మాత్రం ముందుకు జారి బయట పడుతుంది. సోడియం కూడా అల ఊపులో కిందికి దిగినప్పుడు అక్కడి వాయువులతో చర్య జరిపి వేరే పదార్థంగా మారిపోతుంది. మారినదంతా మళ్ళీ సోడియంగా పైకి రాదు. అందుకే ప్రతి ఊపులోనూ కొంత కిందనే చిక్కుకుంటుంది. అక్కడ అది ప్రధానంగా ఏమవుతుందో తెలుసా? సోడియం బైకార్బొనేట్. అంటే మన బజ్జీల పిండిలో వేసే తినేసోడా! ఇది చదివిన రోజు మా గదిలో అరగంట సేపు నవ్వులే. ఉల్క కాలిపోయి, ఆకాశంలో వెలిగి, చివరికి తినేసోడా అవుతుందన్నమాట.

ఇంకో విచిత్రం. అల శక్తి పైకి పోతుంటే, పొరలో కనిపించే దాని చారలు గంటలు గడిచేకొద్దీ కిందికి జారుతూ కనిపిస్తాయి. బొమ్మలో చారలు దిగుతున్నాయంటే అల ఎక్కుతోందని అర్థం. కంటికి కనిపించేదానికీ జరిగేదానికీ తేడా ఉందని ఇంతకన్నా బాగా చెప్పే పాఠం మాకు తెలియదు.

ఎలా చూశారు?

మన దేశపు అంతరిక్ష ప్రయాణం మొదలైందే సోడియంతో. 1963 నవంబరు 21న కేరళలోని తుంబా నుంచి ఎగిరిన మొదటి రాకెట్, అమెరికా నుంచి తెచ్చిన నైకీ–అపాచీ, తన వెంట సోడియం ఆవిరిని మోసుకుపోయింది. సూర్యుడు అస్తమించాక నేల మీద చీకటి పడింది. పైన ఇంకా ఎండ ఉంది. ఆ ఎండలో సోడియం మేఘం రంగుగా మెరిసి తీరప్రాంతమంతా కనిపించింది. ఇలా వదిలిన మేఘం వంకర్లు తిరిగే తీరును ఫోటోలు తీసి పైగాలులు ఎటు, ఎంత వేగంతో వీస్తున్నాయో లెక్కకడతారు. సైకిలు మీద రాకెట్ భాగాన్ని తోసుకుపోయే ఫోటో మీరందరూ చూసే ఉంటారు. అది తుంబాలో తీసిందే. ఆ సైకిలు మోసిన చదువే ఈ చదువు.

ఇప్పుడు రాకెట్ లేకుండానే చూడవచ్చు. 589 నానోమీటర్ల పసుపు లేజర్ కాంతిని ఆకాశంలోకి వదిలితే సోడియం పరమాణువులు దాన్ని పీల్చుకుని మళ్ళీ వదులుతాయి. తిరిగి వచ్చిన కాంతి ఆలస్యాన్ని బట్టి ఎత్తు తెలుస్తుంది. తొంభై కిలోమీటర్లు పోయి రావడానికి సెకనులో పదివేల వంతుల్లో ఆరు వంతుల కాలం చాలు. ఈ పరికరాన్ని లైడార్ అంటారు. సోడియాన్ని చూసే లైడార్‌ను మొదట 1969లో ఇంగ్లండులో వాడారు.

మరి మన దగ్గర? తిరుపతి నుంచి చిత్తూరు పోయే దారిలో గాదంకి ఉంది. ఆ ఊరి మీదుగా ఎన్నిసార్లు బస్సులో పోయామో లెక్కలేదు. టోల్‌గేటు దగ్గర బస్సు ఆగితే వేరుశెనగ ఉండలు కొనుక్కున్నామే తప్ప, అక్కడ జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉందని డిగ్రీ రెండో సంవత్సరం దాకా మాకు తెలియదు. అక్కడ 1,024 యాంటెన్నాలతో, 130 మీటర్ల పొడవూ 130 మీటర్ల వెడల్పూ గల చోట పరిచిన ఎం.ఎస్.టి. రాడార్ ఉంది. 1998లో జపాన్ సహకారంతో పెట్టిన లైడార్ ఉంది. 2005 నుంచి సోడియం పొరనూ చూస్తున్నారు. ఉరుముల మబ్బుల నుంచి లేచే గాలి అలలను ఆ రాడార్‌తో పరిశీలించి ప్రపంచ పత్రికల్లో వ్యాసాలు రాశారు. మన మామిడితోటల మధ్య, మన మడుల పైనుండే ఆకాశాన్ని చూసి రాసిన వ్యాసాలను మనం ఇంగ్లీషులో, అదీ ఎం.ఎస్సీ.కి వచ్చాక, మొదటిసారి చదివాం. ఈ మాట రాస్తుంటే గర్వమూ కలిగింది, బాధా కలిగింది.

ఒక టన్ను లోపు సోడియం చెప్పే లెక్క

“సరే, ఎంత దిగితే మనకేం?” అనవచ్చు. మన హాస్టల్ పైన ఉన్న నీళ్ళ తొట్టిని తలుచుకోండి. కుళాయిలన్నీ తిప్పి ఉన్నా తొట్టిలో మట్టం మారలేదంటే, పోయినన్ని నీళ్ళు మోటారు ఎక్కిస్తున్నట్టే. పోయేది ఎంతో సరిగ్గా కొలిస్తే వచ్చేది ఎంతో తెలుస్తుంది. సోడియం పొర కూడా తొట్టి లాంటిదే. అలలు దాన్ని ఎంత వేగంగా కిందికి దింపుతున్నాయో తెలిస్తే, పైనుంచి రోజూ ఎంత అంతరిక్ష ధూళి వస్తోందో చెప్పవచ్చు.

ఇది తేలిక కాదు. అల ఊపు సెకనుకు మీటర్లలో ఉంటుంది. మొత్తం మీద సోడియం దిగే వేగం సెకనుకు కొద్ది సెంటీమీటర్లే. సంతలో అటూ ఇటూ తిరిగే జనంలో మొత్తం మీద ఎంతమంది తూర్పుకు జరిగారో లెక్కపెట్టడం లాంటిది. అమెరికాలోని న్యూమెక్సికోలో, చిలీలోని ఆండీస్ కొండల మీద వందల గంటలు లేజర్‌తో చూసి ఆ సంఖ్యను పట్టుకున్నారు. అలలు చేసే ఈ మోత, సుడుల కలయిక ఒక్కదాన్నే చూసుకుని వేసిన పాత లెక్కలు వదిలేయగలిగినంత చిన్నది కాదని తేలింది. భూగోళమంతటి వాతావరణాన్ని కంప్యూటర్లో లెక్కకట్టే నమూనాల్లో చిన్న అలలు సరిగా ఇమడవు కాబట్టి, వాటిలో ఈ భాగం లోటుగా ఉండిపోతోంది.

ఫలితం ఏమిటంటే, రోజుకు భూమి మీదికి వచ్చే అంతరిక్ష ధూళి ఎంత అనే మామూలు ప్రశ్నకు శాస్త్రవేత్తలు రకరకాల పద్ధతులతో ఇచ్చిన జవాబులు 5 టన్నుల నుంచి 270 టన్నుల దాకా ఉన్నాయి! ఇంత తేడా మన మెస్ బిల్లులో వస్తే ఊరుకుంటామా? ఈ తేడాను తగ్గించే దారుల్లో ఒకటి ఈ అలలను సరిగ్గా కొలవడం. ఇంకా చేయాల్సిన పని మిగిలే ఉంది. చేసేవాళ్ళలో మనం ఎందుకు ఉండకూడదు?

“అన్నా, అది మన మీద పడదా?”

ఈ ఏడాది మూడు ఆదివారాలు దగ్గర్లోని ఒక స్కూలు హాస్టల్‌కు వెళ్ళాం. స్పిరిటు దీపం, చారెడు ఉప్పు, ఒక ఇనుప తీగ తీసుకుపోయాం. ఉప్పునీళ్ళలో ముంచిన తీగను మంటలో పెడితే పసుపు వెలుగు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆకాశంలో కూడా ఇదే ఉంది, అలలు దాన్ని కిందికి తెస్తాయి అని చెబితే, ఏడో తరగతి పిల్లవాడు ఒకడు లేచి, “అన్నా, అయితే అది మన మీద పడదా?” అని అడిగాడు.

అది అసలైన ప్రశ్న. పడుతుంది తమ్ముడూ. ఆవిరైన లోహమంతా చివరికి సన్నని ధూళిగా మారి, పైగాలుల ప్రవాహంతో ధ్రువాలవైపు పోయి, ఏళ్ళ తరబడి దిగి దిగి నేలనూ సముద్రాన్నీ చేరుతుంది. ఉల్కల నుంచి వచ్చేది కోట్ల ఏళ్ళుగా వస్తున్నదే. అది చాలా పలచన, భయం లేదు.

కానీ ఇప్పుడు మనిషి కూడా ఆ పొరలోకి లోహం పంపుతున్నాడు. పని అయిపోయిన ఉపగ్రహాలు, రాకెట్ ముక్కలు కిందికి వచ్చేటప్పుడు కాలిపోతాయి. 'కాలిపోయింది' అని పత్రికల్లో చదివి మనం మరిచిపోతాం. కాలిపోయింది అంటే మాయమైందని కాదు, ఆవిరై అక్కడే ఉందని. అమెరికా శాస్త్రవేత్తలు విమానాలతో స్ట్రాటో ఆవరణంలో కణాలను పట్టి చూసి 2023లో ప్రకటించిన ప్రకారం, అక్కడి కాస్త పెద్ద గంధకామ్ల కణాల్లో సుమారు 10 శాతం వాటిలో ఇలా కాలిపోయిన అంతరిక్ష వాహనాల అల్యూమినియం, ఇతర లోహాలు ఉన్నాయి. 2025 ఫిబ్రవరిలో ఒక రాకెట్ పైభాగం ఐరోపా గగనంలో కాలిపోయింది. ఒక రోజు తిరగకముందే జర్మనీలోని ఒక లైడార్, 96 కిలోమీటర్ల దరిదాపు ఎత్తున లిథియం మామూలుకన్నా పదిరెట్లు ఉన్నట్టు చూపింది.

దీనివల్ల ఓజోన్‌కు ఏమవుతుంది, వాతావరణానికి ఏమవుతుంది అన్నది తేల్చాలంటే, ఆ లోహం ఎంతకాలం పైన ఉంటుంది, ఎంత వేగంగా దిగుతుంది అన్నది ముందు తెలియాలి. దింపేవాటిలో మొదటివి మేము చెప్పిన అలలే. శ్రీహరికోట నుంచి రాకెట్ ఎగిరితే మన హాస్టల్ మిద్దె ఎక్కి చప్పట్లు కొట్టేవాళ్ళమే మనం. ఆ చప్పట్లు మానమని అనడం లేదు. పైకి పోయినదాని లెక్కతోపాటు కిందికి వచ్చేదాని లెక్క కూడా అడిగే హక్కు మనకుందని అంటున్నాం. ఉపగ్రహం ఎవరిదైనా కావచ్చు, ఆకాశం అందరిదీ. అడగాలంటే తెలిసుండాలి. తెలియాలంటే చదవాలి.

మరి ఉద్యోగం?

ఇంతా రాసి ఈ ప్రశ్న దాటేస్తే అది నిజాయితీ కాదు. మా నలుగురిలో ఇద్దరు డీఎస్సీకి తయారవుతున్నారు. ఒకరు బ్యాంకు పరీక్షలు రాస్తున్నారు. ఒక్కరే నెట్ రాసి పరిశోధనకు పోవాలనుకుంటున్నారు. ఇంట్లో అప్పు ఉన్నవాడిని ఐదేళ్ళు పరిశోధన చెయ్యి అని చెప్పడం తేలిక, చెయ్యడం కష్టం. ఉద్యోగం వైపు పోయేవాళ్ళను మేము తప్పు పట్టం. కానీ పోలేకపోవడం వేరు, పోకూడదని ముందే అనిపించుకోవడం వేరు. మొదటిది పరిస్థితి, రెండోది అవమానం.

మేఘనాథ్ సాహా పేరు భౌతికశాస్త్రం చదివినవాళ్ళందరికీ తెలుసు. 1893లో ఢాకా దగ్గర ఒక పల్లెలో చిల్లర కొట్టు నడుపుకునే కుటుంబంలో పుట్టాడు. బడి దూరమైతే ఇంకొకరి ఇంట్లో ఉండి, తన గిన్నెలు తానే కడుక్కుని, వాళ్ళ ఆవును చూసుకుంటూ చదివాడు. కలకత్తాలో హాస్టల్లో ఉన్నప్పుడు కులం పేరుతో తోటి విద్యార్థులు తమ పంక్తిలో భోజనం చెయ్యనివ్వలేదు. ఆ విద్యార్థే 1920లో, ఎంత వేడికి ఏ మూలకపు పరమాణువులు ఎంతమేరకు ఎలక్ట్రాన్లను కోల్పోతాయో చెప్పే సమీకరణం రాశాడు. నక్షత్రాల వెలుగులో సోడియం గీతను చదివినా, ఇనుము గీతను చదివినా ఈ రోజుకీ ఆ హాస్టల్ విద్యార్థి సమీకరణమే కావాలి. “మీలాంటి వాళ్ళకు ఫిజిక్సు ఎందుకు?” అన్న మాటకు ఇంతకన్నా వేరే జవాబు అక్కర్లేదనుకుంటాం.

మేము అడిగేవి పెద్ద కోరికలు కావు. ఒకటి, తిరుపతి చుట్టుపక్కల హాస్టళ్ళలోని తొమ్మిది, పది తరగతుల పిల్లలను ఏడాదికి ఒకసారైనా అనుమతి తీసుకుని గాదంకికి తీసుకుపోవాలి. తిరుమలకు, శ్రీకాళహస్తికి విహారయాత్ర ఉన్నట్టే ఇదీ ఉండాలి. రెండు, ప్రతి హాస్టల్ లైబ్రరీలో పోటీపరీక్షల పుస్తకాల పక్కన ఒక అర తెలుగులో రాసిన విజ్ఞానశాస్త్ర పుస్తకాలకు కేటాయించాలి. మూడోది ప్రభుత్వాన్ని కాదు, మనల్ని మనమే అడుక్కోవాలి. పీజీ చదివే ప్రతి అన్నా, ప్రతి అక్కా నెలకు ఒక ఆదివారం ఒక స్కూలు హాస్టల్‌కు వెళ్ళి, తాము చదివింది పిల్లల భాషలో ఒక గంట చెప్పాలి. దానికి స్పిరిటు దీపం, చారెడు ఉప్పు చాలు.

ఏమీ ఇవ్వకుండా దాటిపోయే అల దేన్నీ మోయదని పైన రాశాం. ఈ హాస్టల్ నుంచి ఎందరో పైకి పోయారు, మేమూ పోవాలనే చూస్తున్నాం. మాకన్నా ముందు పోయిన సీనియర్లలో కొందరు ఆగి, పాత నోట్సు ఇచ్చి, పరీక్ష ఫీజు కట్టి, దారి చెప్పి వెళ్ళారు. మేము ఇక్కడిదాకా వచ్చింది వాళ్ళ వల్లే. మాకు తరువాత వచ్చే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు మేము ఏం ఇచ్చి పోతామన్నదే ఇక ప్రశ్న.

ఉగాదికి ఇంటికి పోయినప్పుడు అమ్మకు జవాబు చెబుతాం. చేట అడిగి తీసుకుని చెబుతాం. అమ్మకు అర్థమవుతుంది, ఎందుకంటే చెరగడం మాకన్నా ఆమెకే బాగా తెలుసు.

– ఎం.ఎస్సీ. (భౌతికశాస్త్రం), ద్వితీయ సంవత్సరం